కాకువు – ధ్వనిముద్రిత గీతము
(క్లాష్ బృందపు పాటల పరిశీలనము)

పాటను గూర్చిన విమర్శ మన భాషలో చాలవరకు పదమును గూర్చిన విమర్శయే. పల్లవి యేమి చెప్పినది, చరణములందలి భావక్రమ మెట్టిది, అలంకార మేది అని విచారించి, అంతటితో పాటను విచారించినట్లే తలంచుట మనకు అలవాటైనది. ఈ అలవాటునకు కారణము లేకపోలేదు. పాట వినిపించి మాయమగును. పదము కాగితముపై నిలుచును. నిలిచినదానినే పరిశోధకుడు పట్టుకొనగలడు. కాని గడచిన నూరేండ్లకు పైగా పాట కూడ నిలుచుచున్నది. గ్రామఫోను పలకపైనను, టేపుపైనను, నేడు కంప్యూటరులోను పాడినవాని గొంతు పాడినది పాడినట్లే మనకు చిక్కుచున్నది. అట్లు చిక్కిన గొంతును విమర్శకుడు ఏమి చేయవలెనన్నదే ఈ వ్యాసమున మేము విచారింప బూనిన ప్రశ్న.

ఈ ప్రశ్న తిరుపతిలో పుట్టుట సహజము. తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండారమున తాళ్లపాకవారి రాగిరేకులు శతాబ్దులు మరుగునబడియుండి ఇరువదవ శతాబ్దిలో వెలుగు చూచినవి. ఆ రేకులపై సంకీర్తనకు రాగము పేరు కలదు, సాహిత్యము కలదు, స్వరలిపి లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితులు ఆ పదములను పరిష్కరించిరి. రాళ్లపల్లివారు కొన్నిటికి స్వరకల్పనయు గావించిరి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిన పిదప ఎన్నియో సంకీర్తనలు క్రొత్త వరుసలతో ధ్వనిముద్రణము పొందినవి. అన్నమాచార్యుని (1408–1503) పదము మనకు దక్కినది, గొంతు దక్కలేదు. అతని మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగున రచించిన సంకీర్తన లక్షణము మనకు కలదు గాని, ఆ లక్ష్యము నాడెట్లు వినిపించెనో చెప్పగల సాధనము మనకు లేదు.

దీనికి సరిగా విపర్యయమైన స్థితి ఆధునిక గీతములది. వాని గొంతు దక్కినది. అయినను మనము వానిని రాగిరేకులను చదివినట్లే చదువుచున్నాము. ఇది తప్పుదారియని చూపుటకు మేము ఒక విపరీతోదాహరణమును గ్రహించుచున్నాము. అది పంక్ రాక్ అను పేర ప్రసిద్ధికెక్కిన సంగీతము. పదము పేదది, సంగీతము మూడు నాలుగు స్వరసంఘాతములకు మించనిది, గాత్రము శిక్షణ లేనిది. మన కొలతలతో కొలిచినచో చేతికేమియు చిక్కదు. అయినను అది వినువారిని కదలించినది. పదమును తీసివేసి, రాగమును తీసివేసి చూచినపుడు మిగిలిన ఆ పదార్థమేమి?

కాకు విచారము

ఆ పదార్థమునకు మన లాక్షణికులు ఏనాడో పేరు పెట్టిరి. అది కాకువు. శోకభయక్రోధాదులచే కంఠధ్వనియందు కలుగు వికారము కాకువు. భరతుడు వాచికాభినయ సందర్భమున దీనిని సాకాంక్షమనియు నిరాకాంక్షమనియు రెండు విధములుగా చెప్పెను. రుద్రటుడు కాకువక్రోక్తిని శబ్దాలంకారములలో చేర్పగా, రాజశేఖరుడు కావ్యమీమాంసలో దాని నంగీకరింపక, కాకువు అభిప్రాయముతో గూడిన పాఠధర్మమేగాని అలంకారము కాదనెను. ఈ వివాదము పైకి చిన్నదిగా తోచును గాని, పాట విషయమున ఇది ప్రాణప్రదము. అలంకారమైనచో అది పదమునందుండును, అచ్చులో కన్పట్టును. పాఠధర్మమైనచో అది పలుకుటయందే యుండును, అచ్చు దానిని మోయలేదు. మమ్మటుడు ఆర్థీవ్యంజనకు తోడ్పడు వక్తృబోద్ధవ్యాదులలో కాకువును లెక్కించుటచే, ధ్వన్యర్థమునకు సైతము అది కారణమగునని తేలినది.

సంగీతశాస్త్రము ఇంకను ముందునకు పోయినది. పదమూడవ శతాబ్దివాడైన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున స్వరకాకువు, రాగకాకువు, అన్యరాగకాకువు, దేశకాకువు, క్షేత్రకాకువు, యంత్రకాకువు అని ఆరింటిని పేర్కొనెను. వీనిలో చివరి మూడును మన ప్రస్తుత విషయమున కుపకరించును. ఆయా దేశమువారి పలుకుబడివలన వచ్చునది దేశకాకువు. క్షేత్రమనగా శరీరము; ఒక్కొక్కని శరీరమునుబట్టి గాత్రమునకు వచ్చు విశేషము క్షేత్రకాకువు. వాద్యమువలన వచ్చునది యంత్రకాకువు. ఆచార్యుడు రాగచ్ఛాయను దృష్టియందుంచుకొని చెప్పిన ఈ విభాగమును మేము గీతవిమర్శకు విస్తరించి వాడుచున్నాము.

బృందము – కాలము

పంక్ అనునది మొదట తిట్టు. పనికిమాలినవాడని దాని భావము. 1970ల నడుమ న్యూయార్కునందును లండనునందును కొందరు యువకులు ఆ తిట్టునే బిరుదుగా ధరించిరి. రమోన్స్ అను అమెరికా బృందపు మొదటి రికార్డు 1976 ఏప్రిలులో వెలువడినది. పదునాలుగు పాటలు కలిసి అరగంటకు మించవు. లండనున అదే సంవత్సరమున ఏర్పడినది క్లాష్ బృందము. జో స్ట్రమ్మర్, మిక్ జోన్స్, పాల్ సిమనన్ దీనికి మూలపురుషులు. స్ట్రమ్మర్ అసలు పేరు జాన్ గ్రాహం మెల్లర్. 1965లో మన దిగంబరకవులు ఇంటి పేరులను, పుట్టు పేరులను విడిచి నగ్నముని, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్ మున్నగు పేరులు ధరించిన విధమును ఎరిగిన తెలుగు పాఠకునకు ఈ నామాంతరీకరణము వింతగొల్పదు. రెండు చోట్లను పేరు మార్చుట వంశమును, మర్యాదను త్రోసిరాజనుటయే.

బృందము 1977 జనవరిలో సి.బి.ఎస్. అను పెద్ద కంపెనీతో ఒడంబడిక చేసికొన్నది. మొదటి లాంగ్ ప్లే రికార్డు ఆ సంవత్సరమే ఏప్రిలులో వచ్చినది. అటుపై 1978, 1979, 1980, 1982, 1985 సంవత్సరములలో తక్కినవి వెలువడినవి. ఈ ఆరింటిని, విడిగా వచ్చిన కొన్ని పాటలను మా పరిశీలనమునకు గ్రహించితిమి.

పాటల పరిశీలనము

‘వైట్ రయట్’ అను పాట 1977 మార్చిలో వచ్చినది. 1976 ఆగస్టులో లండనులోని నాటింగ్ హిల్ ఉత్సవమున నల్లజాతివారికిని పోలీసులకును నడుమ జరిగిన ఘర్షణము దీనికి ప్రేరణము. స్ట్రమ్మర్, సిమనన్ ఆనాడచ్చట నుండిరి. నల్లవారు తెగించి నిలువగా తెల్ల పేదలు ఏల మిన్నకుండిరన్నది పాట భావము. ఈ పదమును కాగితముపై చదివినవాడు జాతివైరమును రేపు పాటయని భ్రమపడుటకు వీలున్నది. అట్లు భ్రమించినవారును కలరు. విన్నవానికి ఆ భ్రమ చాలవరకు తొలగును. గాయకుడు మాటలను సగము మ్రింగి, ఊపిరి చాలక, తనకంటె ముందు పరుగెత్తు వాద్యములను అందుకొనజూచును. అది జయించువాని గొంతు కాదు, వెనుకబడినవాని గొంతు. అసూయతోను సిగ్గుతోను కూడిన ఆ ఆయాసమే పాటకు అర్థము. రెండు నిమిషములు నిండని ఈ పాటలో పదము చెప్పనిదానిని క్షేత్రకాకువు చెప్పినది.

అదే రికార్డున ‘పోలీస్ అండ్ థీవ్స్’ అను జమైకా పాట కలదు. 1976లో జూనియర్ మర్విన్ దీనిని మిక్కిలి సన్నని, తీయని, ఎత్తైన గొంతుతో పాడెను. వీధులలోని హింసను అంత మెత్తగా పాడుటయే ఆ పాట సొగసు. క్లాష్ బృందమువారు దానిని ఆరు నిమిషములపాటు తమ బొంగురు గొంతుతో పాడిరి. ఇచ్చట గమనింపదగినది, వారు జమైకా ఉచ్చారణమును అనుకరింపకుండుట. పరుల పాటను గ్రహించిరి, పరుల గొంతును గ్రహింపలేదు. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము ఆ సంగీతమున అరుదు. దేశకాకువును అరువు తెచ్చుకొన్నచో అది వెక్కిరింతగా మారియుండెడిది.

1978లో వచ్చిన ‘వైట్ మ్యాన్ ఇన్ హామర్‌స్మిత్ పాలే’ అను పాటను మేము ఈ బృందపు రచనలలో ఉత్తమముగా భావించుచున్నాము. జమైకా గాయకుల కచేరికి తిరుగుబాటు పాటలు వినవచ్చునన్న ఆశతో పోయిన తెల్ల యువకునకు అచ్చట వినోదమే కన్పట్టును. అతడు మొదట వారిని, పిదప తనవంటి పంక్ గాయకులను, దేశమున తలయెత్తు నియంతృత్వ ధోరణిని విమర్శించి, తుదకు తన్నుతాను చూచుకొనును. కోపముతో ఆరంభమైన గొంతు చివర నెమ్మదించి, దాదాపు నవ్వులాటగా తగ్గిపోవును. రౌద్రము ఆత్మనిర్వేదముగా పరిణమించుట యిది. భరతుని పరిభాషలో సాకాంక్షమైన కాకువిది. వాక్యము ముగిసినను అర్థము ముగియదు. పదములను మాత్రమే వ్రాసికొన్నచో ఈ పాట నాలుగైదు ఫిర్యాదుల పట్టికగా మిగులును.

1979 డిసెంబరులో వచ్చిన ‘లండన్ కాలింగ్’ రెండు పలకల సంపుటము, పందొమ్మిది పాటలు. పేరు యుద్ధకాలమున బి.బి.సి. వారు చేసిన ప్రసారముల ఆరంభవాక్యమునుండి గ్రహింపబడినది. ఆ పేరి పాట తుదియందు గిటార్ ధ్వని తెగి తెగి, ఓడలు మునుగునపుడు పంపు తంతి సంకేతమును పలుకును. మాట ఆగినచోట వాద్యము మాట చెప్పినది. శార్ఙ్గదేవుని యంత్రకాకువును మేము విస్తరించి వాడుటకు ఇంతకంటె సమర్థనము అక్కరలేదు.

1982 నాటి ‘స్ట్రెయిట్ టు హెల్’ మరియొక మెట్టు. మూతపడిన ఉక్కు కర్మాగారములు, వలస వచ్చినవారు, అమెరికా సైనికునకు వియత్నాము స్త్రీయందు పుట్టి తండ్రిచే అంగీకరింపబడని బిడ్డ ఇందలి వస్తువు. ఇంత దుఃఖమును గాయకుడు అరవక గొణుగును. ఐదేండ్ల క్రిందట అరచిన గొంతే ఇది యని తెలిసిన శ్రోతకు ఆ గొణుగుడు మరింత భారముగా వినిపించును. ఈ పాటలోని గిటార్ వరుసను 2007లో శ్రీలంక తమిళ కుటుంబమునకు చెందిన మాయా అరుళ్‌ప్రగాశం తన ‘పేపర్ ప్లేన్స్’ అను పాటకు ఆధారము చేసికొన్నది. 2008లో ముంబయి కథతో వచ్చిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ చిత్రమున అది మన దేశపు శ్రోతలకును చేరినది. వలసవారిని గూర్చిన పాటలోని వాద్యధ్వని వలసవారి బిడ్డ చేతికి వచ్చినది. పదము మారినను కాకువు ప్రయాణము చేసినది.

ఆక్షేపము – సమాధానము

ఇట్లయినచో ప్రతి అరపును కాకువేనా, ప్రతి బొంగురు గొంతును కావ్యమేనా యని ఆక్షేపింపవచ్చును. శ్రుతికటుత్వము దోషమని కదా మన శాస్త్రము. దీనికి సమాధానము ఆనందవర్ధనుడే చెప్పియున్నాడు. శ్రుతిదుష్టాదులు అనిత్యదోషములు, శృంగారమున హేయములైనవి రౌద్రమున హేయములు కావు. కావున కర్కశత్వము ఉన్నదా లేదా యన్నది కాదు ప్రశ్న, అది దేనికి అంగమైనదన్నది ప్రశ్న.

ఈ కొలతతో చూచిన, ఈ బృందపు రచనలన్నియు సమానము కావు. 1978 నాటి రెండవ సంపుటమున వాద్యములు నునుపుదేరి ముందునకు వచ్చినవి, గాత్రము వెనుకకు పోయినది. పాటలు బలముగా వినిపించునే గాని, ఎవరు పాడుచున్నారో తెలియరాదు. 1985 నాటి ‘కట్ ద క్రాప్’ మరింత శోచనీయము. అప్పటికి జోన్స్ బృందమున లేడు. యంత్రపు మద్దెల, గుంపుగా అరచు పల్లవులు తప్ప అందు వినదగిన భాగము స్వల్పము. ‘దిస్ ఈజ్ ఇంగ్లండ్’ అను ఒక్క పాట మినహాయింపు. తిరుగుబాటు అచ్చట ఒక రీతిగా, ఒక ముద్రగా గడ్డకట్టినది. అభిప్రాయము తొలగినపుడు కాకువు పాఠధర్మము కాక పాఠదోషమగును. రాజశేఖరుడు ‘అభిప్రాయముతో గూడిన’ అని విశేషించి చెప్పుటలోని సార్థక్యము ఇచ్చట తెలియవచ్చును.

మరియొక ఆక్షేపము ఇంకను గట్టిది. వ్యవస్థను ధిక్కరించు పాట పెద్ద కంపెనీ సరకుగా అమ్ముడుపోయినపుడు ఆ ధిక్కారము మిగులునా? ఈ బృందమే దీనిని అనుభవించినది. తమ అనుమతి లేక కంపెనీ ఒక పాటను విడుదల చేయగా, వారు ఆ కంపెనీపైననే ‘కంప్లీట్ కంట్రోల్’ అను పాట కట్టిరి. దానిని 1977లో ఆ కంపెనీయే అమ్మినది. వారు రెండు పలకల సంపుటమును ఒక పలక ధరకు ఇప్పించిరి. 1980లో మూడు పలకల ‘శాండినిస్టా’ను ముప్పదియారు పాటలతో ఒక పలక ధరకే ఇచ్చుటకై తమ రాబడిలో కొంత వదులుకొనిరి. ఇవి పూర్తి సమాధానములు కావు. కాని గొంతు పలకపై నిలుచుటకు ఎవరో ఒకరి యంత్రము, ఎవరో ఒకరి ధనము కావలెను. నిలిచిన పాటయందు ఆ బేరపు జాడ కూడ నిలుచును. దానిని సైతము వినుట విమర్శకుని పని.

తెలుగునాట

ఇట్టి గీతములు మనకు లేకపోలేదు. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పాటలు, అందు ప్రముఖుడైన గద్దర్ (1949–2023) గొంతు మనకు సమీపోదాహరణములు. గుమ్మడి విఠల్‌రావు గదర్ పార్టీ పేరును ధరించి గద్దరయ్యెను. 1979లో నిర్మితమైన ‘మా భూమి’ చిత్రమున, తెలంగాణ సాయుధ పోరాట కాలమునాటి యాదగిరి పాట ‘బండెనక బండి కట్టి’ని అతడు తెరపై కన్పించి పాడెను. 1983 నాటి ‘రంగుల కల’యందును అతని పాటలు కలవు.

క్లాష్ గాత్రమునకును దీనికిని భేదము స్పష్టము. అది ఒంటరి గొంతు. ఇది వంత కోరు గొంతు. లండను గాయకుడు వాద్యములకు వెనుకబడి ఆయాసపడును. తెలుగు గాయకుడు గుంపును ముందుండి పిలుచును. కాని రెండు చోట్లను శిక్షణ పొందిన మాధుర్యమును కావలెనని త్రోసివేయుట సమానము. దేశకాకువును దాచక చూపుటయు సమానము. ఇట్టి పాటలు పుస్తకముగా అచ్చుపడునపుడు ఏమగుచున్నది? పునరుక్తులు తీసివేయబడును. వంత ఒక్కసారి వ్రాసి విడువబడును. కూతలు, నిట్టూర్పులు, నడుమ పలికిన మాటలు లోపించును. వినునపుడు అవి పునరుక్తులు కావు. పది మార్లు వచ్చిన వంత పది కాకువులతో వచ్చును. మొదటిది ప్రశ్న కావచ్చును, పదవది ప్రతిజ్ఞ కావచ్చును.

మన ఊరినే చూతము. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరయందు బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము మున్నగునవి రోజునకొకటిగా వచ్చును. వేషధారులు బూతులు తిట్టుట మ్రొక్కుబడిలో భాగము. ఆ దినములలో దానిని ఎవ్వరును తప్పుగా గ్రహింపరు. ఆ తిట్లను పదములుగా వ్రాసి అచ్చువేసినచో మిగులునది అశ్లీలము మాత్రమే. వేషము, వీథి, దినము, గొంతు కలిసినపుడే అది క్రతువగును. అశ్లీలమును దోషముగా చెప్పిన శాస్త్రము ఉచితస్థానమున దానిని సహించుట ఇట్టి తావులకే. పంక్ సంగీతము తన వేషమును, తన తిట్టును వేదికపై తెచ్చినపుడు ఇట్టి తావును కోరినదే. కాని ఆ సమాజమున దానికి జాతర లేదు, అమ్మవారు లేదు. కావుననే దాని కోపమునకు విడుదల దొరకక, సరకుగానో, అలసటగానో పరిణమించినది.

ఉపసంహారము

మేము చెప్పదలచినది సంగ్రహముగా ఇది. గీతమునకు పాఠము అచ్చుపడిన పదము కాదు, వినబడిన గొంతు. ధ్వనిముద్రణము లేని కాలపు గీతములకు పదమే శరణ్యము. అన్నమాచార్యుని విషయమున మనము చేయగలిగినది అదియే. ధ్వనిముద్రణము ఉన్న గీతమును పదమునకు కుదించుట దక్కిన సొత్తును పారవేసికొనుట.

నేటి తిరుపతి, చిత్తూరు జిల్లాలలో జాతర పాటలను, చెక్కభజన పాటలను, కూలిపనుల పాటలను సేకరించు పరిశోధక విద్యార్థులు గొంతును యంత్రమున పట్టి, పదమును కాగితమునకెక్కించి, సిద్ధాంతగ్రంథము ముగిసిన పిదప ముద్రణమును ఉపేక్షించుట తరచు చూచుచున్నాము. వ్రాయునపుడు పలుకుబడిని శిష్టభాషకు సవరించుటయు కలదు. కుప్పము వైపున తమిళ కన్నడముల సోకుడుతో పాడు గొంతునందలి దేశకాకువు అట్లు చెరిగిపోవును. పాడినవారి అనుమతితో ఆ ముద్రణములను భద్రపరచి, ఎచ్చట, ఏ సందర్భమున, ఎవరి నడుమ పాడబడినదో వ్రాసి, వంతలను, విరామములను, ఊపిరిని సైతము గుర్తించి పాఠమును సిద్ధము చేయుట కష్టమైన పనియే. రాగిరేకులపై అక్షరములను చెక్కినవారు తమకు సాధ్యమైన దానిని సంపూర్ణముగా చేసిరి. మనకు సాధ్యమైనది అంతకంటె ఎక్కువ. సంకీర్తనమునకు తెలుగున లక్షణము వెలసిన ఈ సీమనుండియే గీతకాకువునకు కూడ లక్షణము వెలువడుట ఉచితమని మా విశ్వాసము. పరిశోధకులు ఈ దిశకు దృష్టి సారింతురు గాక.